బొటాక్స్‌కి వెళ్లే ముందు

దగ్గర్లో ఏదైనా ఫంక్షన్ ఉంటే కనీసం 2 వారాల ముందే బొటాక్స్ (ముడతలు తగ్గించే ఇంజెక్షన్) చేయించుకోండి. ముడతలు కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలైనా, పూర్తి ఫలితం కనిపించడానికి సుమారు 14 రోజులు పడుతుంది.

నేనైతే ముందుగా వాడే మందులన్నీ కాగితం మీద రాసుకుంటాను, చేప నూనె, విటమిన్ ఇ మాత్రలతో సహా. ఇవీ, ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటివీ సూది గుచ్చిన చోట కమిలే అవకాశాన్ని పెంచుతాయి. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ని మాత్రం సొంతంగా ఆపేయకండి. కమిలిన మచ్చ కొన్ని రోజుల్లో పోతుంది, గుండెతో ఆటలా? గర్భిణులైనా, పాలిచ్చే తల్లులైనా, మయస్తీనియా లాంటి కండరాల జబ్బున్నా బొటాక్స్ చేసే డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి.

ముందురోజు మద్యం వద్దు. వెళ్లే రోజు మేకప్ కూడా వద్దు.

అద్దం ముందు నవ్వి, నుదురు ముడిచి, ఏ గీతలు తగ్గాలో తేల్చుకోండి. నా కళ్ల పక్క నవ్వు గీతలు నాకిష్టం, వాటిని ముట్టుకోనివ్వను.