ఉప్పు చెరువు నీటిలో విబ్రియోను గుర్తుపట్టడం

మొగల్తూరు వైపు రొయ్యల చెరువు నీళ్లనూ, ఆకివీడు చేపల చెరువు నీళ్లనూ ఒకే మీడియాలో (బ్యాక్టీరియాను పెంచే పోషక మిశ్రమంలో) పరీక్షించొద్దు. రొయ్యల చెరువులో ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియాల్లో చాలావాటికి ఉప్పు లేనిదే పెరుగుదల లేదు. డబ్బా మీద రాసినట్టే కలిపిన మీడియాలో ఉప్పు చాలక 'నెగటివ్' వస్తుంది. అందుకే ఏ రకమో తేల్చే ఇండోల్, లైసిన్, చక్కెర పరీక్షల ట్యూబులన్నిటిలో సోడియం క్లోరైడ్ మొత్తం 2 శాతం ఉండేలా చూడండి. వంటింటి ఉప్పు పనికిరాదు.

ముందు టీసీబీఎస్ ప్లేటు, అంటే విబ్రియోలను ఏరి పెంచే సుక్రోజ్ (చక్కెర) మీడియా. ఈ మీడియాను ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో శుద్ధి) చేయరు, మరిగించి పోస్తారు. 30 డిగ్రీల్లో 18–24 గంటలకు చూడాలి. సుక్రోజ్ పులిస్తే కాలనీ (ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా చుక్క) పసుపు, లేకుంటే ఆకుపచ్చ. రిపోర్టులో ఉత్త 'పచ్చ' అని రాయకండి, మనం పసుపునీ పచ్చే అంటాం. ఆలస్యమైతే పసుపు కాలనీలు ఆకుపచ్చకు తిరగొచ్చు.

ఆ ప్లేటు మీంచే ఆక్సిడేజ్ పరీక్ష (ఆ ఎంజైము ఉందా అని రంగుతో చూసేది) చేస్తే, సుక్రోజ్ పులిసిన ఆమ్లం వల్ల పాజిటివ్ కూడా నెగటివ్‌గా కనబడుతుంది. విడి కాలనీని 2 శాతం ఉప్పున్న న్యూట్రియంట్ అగార్ మీద గీసి, మర్నాటి కల్చర్ (పెరిగిన బ్యాక్టీరియా) వాడండి. ఫిల్టర్ పేపరు మీద 1 శాతం ఆక్సిడేజ్ రియేజెంట్ రెండు చుక్కలు వేసి, టూత్‌పిక్‌తో కాలనీ రుద్దండి. 10 సెకన్లలో ముదురు ఊదా రావాలి. తర్వాత వచ్చేది లెక్కలోకి రాదు, గాలికి పేపరే నీలమవుతుంది. టూత్‌పిక్ బదులు నైక్రోమ్ తీగ లూపైతే ఇనుము వల్ల తప్పుడు పాజిటివ్ వస్తుంది. రియేజెంటే నీలం తిరిగి ఉంటే పారబోయండి.

ఏరోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా కూడా ఆక్సిడేజ్ పాజిటివే. ఉప్పు లేనిదే పెరగని విబ్రియోల నుంచి దాన్ని ఉప్పు ట్యూబులు విడదీస్తాయి: 1 శాతం ట్రిప్టోన్ (ప్రోటీన్ పోషకం) నీళ్లలో 0, 3, 6, 8, 10 శాతం ఉప్పు. రెడీమేడ్ ట్రిప్టోన్ నీళ్లలో ముందే కొంత ఉప్పుంటుంది, సున్నా ట్యూబుకు అది వద్దు. కల్చర్ తక్కువే వేయండి. ఎక్కువైతే ఆ మసకే పెరుగుదలలా కనిపిస్తుంది. విబ్రియో రకాల్లో పారాహీమోలిటికస్ 3, 6, 8లో పెరిగి, సున్నాలోనూ 10లోనూ ఆగుతుంది. వల్నిఫికస్ 8లో పెరగదు. ఆల్జినోలిటికస్ 10లోనూ పెరుగుతుంది. ఏరోమోనాస్, కలరా విబ్రియో సున్నాలోనూ పెరుగుతాయి.

లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని బ్యాక్టీరియా విడగొడుతుందా అని చూసే లైసిన్ ట్యూబు పక్కన లైసిన్ లేని కంట్రోల్ తప్పనిసరి. రెండిటి మీదా స్టెరైల్ పారఫిన్ నూనె పోయాలి. ముందు రెండూ పసుపవుతాయి. తర్వాత లైసిన్ ట్యూబొక్కటే ఊదాకు తిరిగితే పాజిటివ్. కంట్రోల్ ట్యూబు పసుపే కాకపోతే అందులో ఏమీ పెరగలేదు, ఉప్పు ఎంత వేశారో మళ్లీ చూసుకోండి.