అడ్రస్ ట్రాన్స్‌లేషన్ లెక్కకు బైనరీ అక్కర్లేని దారి

ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షలో పేజింగ్ లెక్క (ప్రోగ్రామ్ వాడే వర్చువల్ అడ్రస్ నుంచి అసలు మెమరీలోని ఫిజికల్ అడ్రస్ కనుక్కోవడం) రాగానే చాలామంది అడ్రస్ మొత్తాన్ని బైనరీలోకి మార్చడం మొదలుపెడతారు. టైమంతా అక్కడే పోతుంది, మధ్యలో ఒక్క సున్నా జారిందా, జవాబే తప్పు.

అడ్రస్ హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో, క్లుప్తంగా హెక్స్) ఉండి, పేజీ సైజు 4 కేబీ అయితే కుడివైపు చివరి 3 అంకెలే ఆఫ్‌సెట్, అంటే పేజీ లోపలి స్థానం. మిగిలిందంతా పేజీ నంబర్. 4 కేబీకి 12 బిట్లు కావాలి, ఒక్కో హెక్స్ అంకె 4 బిట్లు, అందుకే 3. ఉదాహరణకు వర్చువల్ అడ్రస్ 25316 అనుకోండి. ఆఫ్‌సెట్ 316, పేజీ 25. పేజీ టేబుల్‌లో దానికి ఎదురుగా ఫ్రేమ్ (అసలు మెమరీలో ఆ పేజీ ఉండే చోటు) 7 ఉంటే ఫిజికల్ అడ్రస్ 7316. ఆఫ్‌సెట్ మారదు కాబట్టి ముందు భాగం మార్చి అతికిస్తే చాలు. 64 కేబీ పేజీలైతే చివరి 4 అంకెలు తీసుకోవాలి.

ఇక్కడ ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఒకటుంది: ఆ 25 హెక్స్‌లోది. టేబుల్ వరుసలు మామూలు దశాంశ సంఖ్యల్లో ఇస్తే చూడాల్సింది 37వ నంబర్ పేజీని (2×16+5). ఫ్రేమ్ కూడా దశాంశంలో 18 అని ఉంటే ముందు హెక్స్‌లో 12 చేసుకుని, అప్పుడు 12316 అని రాయాలి.

పేజీ సైజు 1 కేబీ, 2 కేబీ అయితే ఇది పనిచేయదు. ఆఫ్‌సెట్ 10 లేదా 11 బిట్లే కావడంతో పేజీ నంబర్‌ను, ఆఫ్‌సెట్‌ను విడదీసే గీత కుడి నుంచి మూడో అంకె మధ్యలో పడుతుంది. ఆ ఒక్క అంకెను మాత్రం బైనరీలో విడగొట్టండి. అడ్రస్ 10-10-12 బిట్లుగా (రెండు టేబుళ్లకు చెరో 10, ఆఫ్‌సెట్‌కు 12) విడిపోయే రెండంచెల టేబుల్‌లోనూ పేజీ నంబర్‌కు ఇదే చిక్కు. అడ్రసే దశాంశంలో ఇస్తే, 4 కేబీ పేజీకి 4096తో భాగించడం మేలు: భాగఫలం పేజీ, శేషం ఆఫ్‌సెట్.