ఇల్లు ఖాళీ చేశాక ఆఖరి కరెంటు బిల్లు భారీగా వస్తే ఏం చేయాలి?

ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక వచ్చే ఆఖరి బిల్లు మామూలు కంటే మూడు నాలుగు రెట్లుంటే చాలామంది రెండే పనులు చేస్తారు. కొందరు భయపడి ఆ రోజే కట్టేస్తారు. మిగతావాళ్లు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, "ఇద్దరం ఉన్న ఇంటికి ఇంత బిల్లేంటండీ?" అని పోట్లాడతారు. రెండూ చేయకండి. కట్టేసిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం కట్టని డబ్బు గురించి వాదించడం కంటే చాలా కష్టం. ఫోన్‌లో ఎంత గట్టిగా మాట్లాడినా అవతలివాళ్లు కంప్యూటర్‌లో ఉన్న అంకెనే మళ్లీ చదివి వినిపిస్తారు.

బిల్లంటే ఒక తీసివేత లెక్క. చివరి రీడింగులోంచి మొదటి రీడింగు తీసేస్తే యూనిట్లు వస్తాయి. తక్కినదంతా ఆ యూనిట్లకు కట్టిన ధర. కాబట్టి మొత్తం ఎంతైందన్న మాట వదిలేసి రీడింగులు పట్టుకోండి. తప్పు ఉంటే దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

1. కాగితాలు తీయండి

ఆఖరి బిల్లు, వీలైతే అంతకు ముందు ఏడాది బిల్లులు, ఇంట్లో చేరిన రోజు రీడింగు, ఖాళీ చేసిన రోజు తీసిన మీటరు ఫోటో, తాళాలు అప్పగించిన తేదీకి ఏదో ఒక రుజువు (మెసేజ్ అయినా చాలు). ఒక తెల్లకాగితం, పెన్ను పెట్టుకోండి. ఫోన్‌లో ఒక్కో బిల్లూ తెరుస్తూ మూస్తూ ఈ పని చేయకూడదు. అంకెలన్నీ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి కనిపించాలి.

2. యూనిట్లు కానివి పక్కన పెట్టండి

పాత బాకీ, ఆలస్య రుసుము, కనెక్షన్ మూసివేత ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ (ఎంత వాడారన్న దానితో సంబంధం లేకుండా నెలనెలా వేసేది) వేరుగా రాయండి. పాత బాకీ మీరు చేరకముందుదైతే అది మీది కాదు, యజమానికి చెప్పండి. ఫిక్స్‌డ్ ఛార్జీ మీరు వెళ్లిపోయిన తేదీ దాటి వేశారేమో చూడండి. కనెక్షన్ మీ పేరు మీదే ఉంటే మీరు కట్టిన సెక్యూరిటీ డిపాజిట్‌ని ఇందులో తగ్గించారా లేదా అన్నదీ గమనించండి.

3. ఆ మీటరు మీదేనా?

బిల్లు మీద ఉన్న మీటరు నంబరు, మీటరు మీద ముద్రించిన నంబరు ఒకటేనా? అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ ఒకే గోడకు వరసగా ఉంటాయి, పక్కింటి మీటరు మీ పేరున నమోదైపోవడం జరిగే పనే. నంబర్లు కలిసినా అనుమానం తీరకపోతే, ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లను ఒక్క నిమిషం మెయిన్ స్విచ్ ఆపమనండి. మీటరు మీద మినుకుమనే చిన్న లైటు ఆగిపోవాలి. ఆగకపోతే వైరింగులోనో, మీటరు కేటాయింపులోనో, మీటరులోనో తేడా ఉంది.

4. రీడింగులు సరిచూడండి

అందరూ తడబడేది ఇక్కడే. తొందరపడకండి.

ముందు ప్రతి బిల్లులో రీడింగు పక్కన ఏముందో చూడండి. కొన్ని రీడింగులు మనిషి వచ్చి చూసినవి, కొన్ని ఇంటికి తాళం ఉండటం వల్లో ఎవరూ రాకపోవడం వల్లో సగటున వేసినవి. సగటున వేసినదానికి బిల్లు మీద ఏదో ఒక గుర్తో అక్షరమో ఉంటుంది, దాని అర్థం సాధారణంగా బిల్లు వెనకవైపు రాసి ఉంటుంది. కాగితం మీద తేదీ, రీడింగు, అది నిజమైనదా అంచనానా అని మూడు గళ్లుగా రాయండి. ఆఖరి బిల్లు నుంచి వెనక్కి వెళ్తూ నిజమైన రీడింగు ఎక్కడ దొరికితే అక్కడ ఆగండి. మీ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.

ఒక ఉదాహరణ. జనవరి చివర మీటరు చూసి 12,400 రాసుకున్నారు. తర్వాత మూడు నెలలు ఎవరూ చూడలేదు, నెలకు వంద చొప్పున అంచనా వేసి ఏప్రిల్‌కి 12,700 చేశారు. మే చివర మీరు ఖాళీ చేసినప్పుడు మీటరు మీద 13,240 ఉంది. ఆఖరి బిల్లులో ఒక్క నెలకే 540 యూనిట్లు కనిపిస్తాయి. "మేం నెలకు వందే వాడతాం" అని గొడవకు దిగితే ఓడిపోతారు, ఎందుకంటే ఆ వంద మీరు వాడింది కాదు, వాళ్లు ఊహించింది. జనవరి నుంచి నాలుగు నెలల్లో మీరు నిజంగా వాడింది 840 యూనిట్లు, అంటే నెలకు 210. ఆ యూనిట్లకు డబ్బు కట్టాల్సిందే.

అయినా ఇక్కడ మీకు రావలసింది ఒకటుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబ్ పద్ధతి ఉన్నచోట 540 యూనిట్లూ ఒకే నెలలో పడితే పై స్లాబు ధర పడుతుంది. మొత్తం 840 యూనిట్లనూ నాలుగు నెలలకు సర్ది, నెలకు 210 చొప్పున మళ్లీ లెక్కించమని అడగండి. ఇది దయతో తగ్గించమని అడగడం కాదు, లెక్క సరిచేయమని అడగడం. మధ్యలో ధర మారి ఉంటే ఏ నెల యూనిట్లకు ఆ నెల ధరే వేయమనండి.

ఇప్పుడు రెండో కొస. బిల్లులోని చివరి రీడింగు మీ ఫోటోలోని అంకెతో కలవాలి. 13,240కి బదులు 13,420 ఎక్కితే రెండంకెలు తారుమారైనట్టే, 180 యూనిట్లు అదనం. మీటరులో దశాంశ బిందువు తర్వాత ఉండే అంకెను (పాత మీటర్లలో ఎక్కువగా ఎర్ర గడిలో ఉంటుంది) కలిపి చదివితే రీడింగు పది రెట్లవుతుంది. డిజిటల్ మీటరు తేదీ, వోల్టేజి, గరిష్ఠ లోడు, యూనిట్లు ఇలా ఒక్కొక్కటిగా తిప్పి చూపిస్తుంది. మీ ఫోటోలో అంకె పక్కన కిలోవాట్ అవర్ గుర్తు (kWh, అంటే యూనిట్లు) లేకపోతే మీరు తీసింది వేరే తెర కావచ్చు, దాన్ని సాక్ష్యంగా పంపకండి. మధ్యలో మీటరు మార్చి ఉంటే పాతదాని ముగింపు రీడింగు, కొత్తదాని ప్రారంభ రీడింగు రెండూ అడిగి తీసుకోండి.

ఖాళీ చేసిన రోజు ఫోటో తీయలేదా? ఇప్పుడైనా ఆ ఇంటి మీటరు ఫోటో ఈ రోజు తేదీతో తెప్పించుకోండి. మీటరు వెనక్కి తిరగదు. ఈ రోజు రీడింగు బిల్లులోని చివరి రీడింగు కంటే తక్కువ ఉంటే బిల్లు తప్పని చెప్పడానికి ఇంకే రుజువూ అక్కర్లేదు. (అంకెలన్నీ తొమ్మిదులై మళ్లీ సున్నాకి వచ్చిన మీటరైతే తప్ప, అది చాలా అరుదు.) ఎక్కువ ఉంటే, మీరు తాళాలిచ్చాక ఎన్ని రోజులైందో, ఇంట్లో ఎవరైనా దిగారో లేదో చూసి ఆ వాడకం విడదీయాలి.

పైపు గ్యాసు బిల్లుకూ ఇదే పద్ధతి, ఒక్క తేడాతో. గ్యాసు మీటరు పరిమాణాన్ని కొలుస్తుంది, అది ఘనపు మీటర్లలో ఉండొచ్చు, పాతవైతే నూరేసి ఘనపు అడుగుల లెక్కలో. నూరు ఘనపు అడుగులంటే 2.83 ఘనపు మీటర్లు. ఒకదాని బదులు ఇంకొకటి అనుకుంటే బిల్లు దాదాపు మూడు రెట్లు తేడా వస్తుంది. మీటరు ముఖం మీద ఏ కొలత రాసి ఉందో, బిల్లులో ఏది రాశారో కలిపి చూడండి.

చాలామంది గత మూడు నెలల సగటు చూపించి గెలవాలనుకుంటారు. ఆ పద్ధతి నాకు నచ్చదు, మీరూ దాని జోలికి పోకండి. ఎండలు పెరిగాయనో, చుట్టాలొచ్చారనో, గీజరు ఎక్కువ వాడారనో వాళ్లు ఒక్క మాటతో కొట్టేస్తారు. రెండు కిలోవాట్ల గీజరు గంట నడిస్తే రెండు యూనిట్లు, కాబట్టి ఆ మాట అబద్ధమనీ అనలేం. తేదీతో ఉన్న రీడింగుకు మాత్రం అలాంటి జవాబు ఉండదు.

5. రాసి పంపండి

ఫోన్ వద్దు. ఈమెయిలో, రసీదు ఇచ్చే అర్జీయో రాయండి. ఆరు వాక్యాలు దాటకూడదు. ఇలా:

"సర్వీస్ నంబరు ఫలానా, మీటరు నంబరు ఫలానా. ఫలానా తేదీన ఇల్లు ఖాళీ చేశాను, ఆ రోజు రీడింగు 13,240, ఫోటో జతచేశాను. మీ బిల్లులో 13,420 అని ఉంది. రీడింగు సరిచేసి కొత్త బిల్లు పంపండి. అప్పటిదాకా ఆలస్య రుసుము వేయవద్దు. ఫిర్యాదు నంబరు తెలియజేయండి."

ఇల్లు మారిన కష్టాలు, పిల్లల స్కూలు, జీతం ఆలస్యం ఇవేవీ రాయకండి. అవి చదివేవాళ్లకు అసలు అంకె కనబడకుండా పోతుంది.

6. డబ్బు సంగతి

ఆటో పే పెట్టుకుని ఉంటే గడువు తేదీకి ముందే ఆపండి, కానీ ఫిర్యాదు నంబరు వచ్చాకే ఆపండి. తప్పు కాని భాగం, అంటే మీ లెక్క ప్రకారం తేలిన మొత్తం, విడిగా కడతామని అడిగి కట్టండి. అసలు ఏమీ కట్టకుండా కూర్చుంటే బకాయిదారుగా చూస్తారు. యజమాని దగ్గర ఉన్న డిపాజిట్‌లోంచి కోత పడే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఫిర్యాదు కాపీ యజమానికీ పంపండి.

మీ లెక్కే తప్పని తేలి, మొత్తం నిజంగా కట్టాల్సి వస్తే వాయిదాలు అడగండి. అంచనా బిల్లులు వేసింది వాళ్లే కదా, ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తే వాయిదాలకు ఒప్పుకోవడం తేలికవుతుంది. జవాబు రాకపోతే అదే ఫిర్యాదు నంబరుతో పై అధికారికి, ఆ తర్వాత విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదులు వినే సంస్థకు వెళ్లండి. కొత్తగా కథ మొదలుపెట్టొద్దు, పాత అర్జీ, మూడు గళ్ల కాగితం జతచేస్తే చాలు.

సరిచేసిన బిల్లు చేతికొచ్చాక దాన్ని కట్టి, బాకీ ఏమీ లేదని రాతపూర్వకంగా తీసుకోండి. కనెక్షన్ మీ పేరు మీద ఉంటే అది మూసేశారా, కొత్తవాళ్ల పేరుకు మార్చారా అన్నది కూడా అదే కాగితంలో రాయించుకోండి. పేరు మారకపోతే వచ్చే నెల బిల్లూ మీకే వస్తుంది.