ఎండకు వెలిసిన చెక్క షెడ్డును బాగుచేసుకోవడం

మా పెరట్లో షెడ్డు నాన్న స్వయంగా కట్టింది. పదకొండేళ్లు ఎండకు ఎండి వానకు తడిసి బూడిదరంగుకు తిరిగింది. నీడ పడే వైపు పలకల నిండా నాచు. తలుపు అడుగు పలక వేలుతో నొక్కితే లోపలికి దిగిపోతోంది. పడగొట్టేసి రేకులది వేసుకోమని అందరూ అన్నారు. నాకు మనసొప్పలేదు.

బూడిదరంగు చూసి చెక్క పోయిందనుకోకండి. చెక్క నారను పట్టి ఉంచే లిగ్నిన్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన నార వెలిసిపోయి అలా కనిపిస్తుంది. ఇదంతా పైపొర సంగతే. ఓ మూల ఉలితో సన్నగా గీసి చూశాను. మిల్లీమీటరు లోతు కూడా పోకముందే తేనెరంగు చెక్క బయటపడింది. ఆ రంగు చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

షెడ్డుకు నిజంగా చేటు చేసేది ఆరకుండా నిలిచిపోయే తేమ. అందుకే కడగడానికంటే ముందు మొన ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి పట్టుకుని చుట్టూ తిరగండి. అడుగు పలకలు, కిటికీ గట్టు, పలకల కొసలు, మేకుల చుట్టూ పొడిచి చూడండి. గట్టి చెక్కలో మొన దిగదు. కాస్త దిగినా, పైకి లేపితే పొడవాటి పేడుగా లేస్తుంది. పుచ్చిన చెక్క పుటుక్కున చిన్న ముక్కగా విరుగుతుంది. అలాంటి చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. చెదల మట్టిదారులు కనిపిస్తే ముందు వాటి సంగతి తేల్చుకోవాలి.

మా తలుపు పక్కన ఆకులూ మట్టీ ఏళ్ల తరబడి పేరుకుని పలకకు ఆనుకున్నాయి. పుచ్చడానికి అదే కారణం. జానెడు లోతు మట్టి తవ్వి తీసేసి కంకర పోశాను. ఆ పని చేయకుండా కొత్త పలక బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

నాచును పొడిగా ఉన్నప్పుడే గీకేయండి. తర్వాత సోడియం పెర్‌కార్బొనేట్ (ఆక్సిజన్ బ్లీచ్) పొడిని డబ్బా మీద రాసిన మోతాదులో గోరువెచ్చని నీళ్లలో కలిపి, కింది నుంచి పైకి తడపండి. పైనుంచి మొదలుపెడితే కారిన చారలు నిలిచిపోతాయి. పావుగంట ఆగి, నార వెంబడి బ్రష్షుతో రుద్ది, పైనుంచి కడగండి. ఇనుప తీగల బ్రష్షు వద్దు, విరిగిన తీగలు చెక్కలో ఇరుక్కుని తుప్పు చుక్కలవుతాయి. ప్రెషర్ వాషర్ కూడా వద్దని గట్టిగా చెప్తాను. తలుపు మీద నేను వాడితే చెట్టు పెరుగుదల వలయాల మధ్య ఉండే మెత్తటి చెక్క లేచిపోయి దువ్వెనతో గీసినట్టు చాళ్లు పడ్డాయి. వాటిని సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. మేకుల కింద కారిన నల్లమరకలు ఆక్సాలిక్ ఆమ్లంతో పోతాయి. అది విషం. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వేరే ఏ మందుతోనూ కలపకండి.

ఇక ఆరబెట్టడం. తొందరంతా ఇక్కడే పుడుతుంది. పైకి పొడిగా కనిపించినా పలకల అతుకుల్లో తడి ఉంటుంది. కనీసం మూడు నాలుగు ఎండ రోజులు వదిలేయండి. తేమ మీటరు దొరికితే 15 శాతం లోపు చూపించేదాకా ఆగండి.

పుచ్చిన పలకను గట్టి చెక్క తగిలేదాకా కోసేయాలి. కొత్త ముక్కకు బిగించకముందే నాలుగు వైపులా, పూతకు వాడబోయే నూనె పట్టించండి. కొసలకు ఇంకో రెండు పూతలు వేయండి, ఎందుకంటే చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది కొసల దగ్గరే. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.

శాండ్ పేపర్ 80 నంబరుతో మొదలుపెట్టి 120తో ఆపేయండి. ఇంకా నునుపు చేస్తే నూనె సరిగా ఇంకదు. ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. తలుపు లోపలి వైపు నాన్న పెన్సిల్‌తో వేసుకున్న కొలతలు ఇంకా ఉన్నాయి. అక్కడ మాత్రం నేను చెయ్యి పెట్టలేదు.

పూతకు రంగు కలిసిన, చెక్కలోకి ఇంకే నూనె స్టెయిన్ మంచిది. రంగులేని వార్నిష్ గుండా ఎండ లోపలికి దిగుతుంది, కొన్నాళ్లకు పూత పొరలుగా లేస్తుంది. షెడ్డుకు ఆ వేళకు ఏ వైపు నీడ ఉంటే ఆ వైపే పని చేయండి. పల్చగా పూసి, పావుగంటయ్యాక ఇంకనిదంతా గుడ్డతో తుడిచేయండి. డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి రెండో పూత వేయండి. నూనె గుడ్డల్ని మాత్రం ఎప్పుడూ ఉండచుట్టి పడేయకండి. అవిసెనూనె లాంటివి ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డలకు దానంతటదే నిప్పు అంటుకుంటుంది. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూతపెట్టండి.

ఏటా వానలు వెళ్లాక ఎండ ఎక్కువ తగిలే గోడ మీద నాలుగు నీటిచుక్కలు చల్లి చూస్తాను. ముత్యాల్లా నిలిస్తే ఆ ఏడాదికి పని లేదు. ఇంకిపోతే ఆ ఒక్క గోడకే కడిగి, ఆరబెట్టి, ఇంకో పూత వేస్తాను.