చవకగా వస్తున్న కారు పార్ట్ నాసిరకమేనా? కొనేముందు ఇలా చూసుకోండి

తిరుపతిలో నాలుగు స్పేర్ పార్ట్స్ షాపులు తిరిగితే ఒకే బ్రేక్ ప్యాడ్‌కు నాలుగు ధరలు వినిపిస్తాయి. ఖరీదైనదే మంచిదని కొందరు, అన్నీ ఒకటేనని కొందరు అంటారు. ధర ఎందుకు తగ్గిందో తెలిస్తేనే సరుకు ఎలాంటిదో తెలుస్తుంది.

ముందు పార్ట్ నంబరు, ఎమ్మార్పీ కనుక్కోండి. ఆర్‌సీలోని చాసిస్ నంబరు చెబితే షోరూమ్ పార్ట్స్ కౌంటర్‌లో చూసి చెబుతారు.

తర్వాత, ఎందుకు తక్కువకు ఇస్తున్నారని షాపతన్నే అడగండి. కార్ల కంపెనీలు చాలా పార్టులను సొంతంగా తయారు చేయవు, బాష్, వాలియో, లూకాస్ టీవీఎస్ లాంటి సంస్థల దగ్గర కొంటాయి. అలాంటి సంస్థ తన డబ్బాలోనే అమ్మితే కారు కంపెనీ మార్జిన్ ఉండదు, ధర తగ్గుతుంది. మీ మోడల్‌కు సరిపోతే ధైర్యంగా తీసుకోండి. పేరున్న డబ్బాను సగం ధరకే ఇస్తూ బిల్లు అడిగితే నసుగుతున్నారా, అది డూప్లికేట్ అని అనుమానించాల్సిందే. అక్షరాల ముద్రణ, హోలోగ్రామ్, బ్యాచ్ నంబరు చూడండి.

పాత స్టాకు వల్లా ధర తగ్గుతుంది. టైరు పక్కన 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని అర్థం. అమరాన్ బ్యాటరీలు మన కరకంబాడిలోనే తయారవుతాయి, అయినా షాపులో ఎన్నాళ్లు కూర్చుందో తేదీ చూసే తీసుకోండి.

బ్రేకుల దగ్గర మాత్రం బేరం వద్దు. తిరుమల నుంచి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతుంటే ప్యాడ్లు బాగా వేడెక్కుతాయి. నాసిరకం ప్యాడ్ ఆ వేడికి పట్టు కోల్పోతుంది. బ్రేక్ ఆయిల్ కూడా అంతే ముఖ్యం. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 రకం కనీసం 205 డిగ్రీలు, డాట్ 4 రకం 230 డిగ్రీల వరకు మరగకూడదు. గాలిలో తేమ పీల్చేకొద్దీ ఆ హద్దు పడిపోతుంది. మరిగితే బుడగలు లేచి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కుటుంబమంతా కారులో ఉన్నప్పుడు అలా జరగకూడదు కదా! అందుకే బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే ట్యాంకు మూత మీద రాసిన రకమే, సీల్ తియ్యని డబ్బాలోదే పోయించండి. స్టీరింగ్, సస్పెన్షన్ పార్టులకూ ఇంతే పట్టుదల ఉండాలి.

వైపర్లు, మ్యాట్లు, క్యాబిన్ ఫిల్టర్ చవకవి వేసినా బ్రేకులంత ప్రమాదం లేదు. డోర్ హ్యాండిల్, అద్దం కవర్ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా హాయిగా కొనండి.

బిగించేటప్పుడు షెడ్డులో మీ ఎదుటే డబ్బా తెరిపించండి. జీఎస్టీ బిల్లులో పార్ట్ నంబరు రాయించుకుని, తీసేసిన పాత పార్ట్ వెంట తెచ్చుకోండి.