చీమకుర్తిలో చిన్న పరిశ్రమ పెట్టేవారు ముందుగా చూసుకోవలసిన బాకీల లెక్క

చీమకుర్తి పరిసరాల్లో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ పెట్టదలచినవారు యంత్రాల ధరలకన్నా ముందు, సరుకు పంపిన రోజుకూ సొమ్ము చేతికందే రోజుకూ మధ్య ఎన్నాళ్లు పడుతుందో లెక్కవేసుకోవాలి. కూలీలు, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా ఆ సొమ్ము కోసం ఆగవు. మూడు నెలల ఖర్చును విడిగా ఉంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం కాబట్టి దళారులకు పైసా ఇవ్వనక్కరలేదు. నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, అంటే ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా కొనుగోలుదారు 45 రోజుల్లోగా చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. అది దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ అడగవచ్చు. పరిచయం మీద నోటిమాటతో సరుకు పంపే అలవాటు మన దగ్గర ఎక్కువ. అయినా ఆర్డరు కాగితం, సంతకం చేసిన డెలివరీ చలానా తప్పక తీసుకోవాలి, ఎందుకంటే ఇలాంటి బాకీల తగాదాలు విచారించే ప్రభుత్వ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేయవలసి వస్తే ఆధారాలు అవే.