డీఎన్‌ఏ సీక్వెన్స్ ఎక్కడ చెడింది? సమస్య - పరిష్కారం

అనంతపురం, కడప, కర్నూలు వైపు జీవశాస్త్ర పరిశోధన చేసేవాళ్లు సీక్వెన్సింగ్‌కు శాంపిళ్లు ఎక్కువగా హైదరాబాదుకో బెంగళూరుకో పంపుతుంటారు. కొన్నాళ్లకు ఒక్కో శాంపిల్‌కు రెండు ఫైళ్లు మెయిల్లో వస్తాయి. ఒకటి ఉత్త అక్షరాల (డీఎన్‌ఏ బేస్‌లైన ఏ, సీ, జీ, టీ) టెక్స్ట్ ఫైలు, రెండోది ఒక్కో బేస్‌కు ఒక్కో రంగు శిఖరం, అంటే పీక్, కనబడే ఏబీ1 ఫైలు. టెక్స్ట్ ఫైలును నేరుగా బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్స్‌లతో పోల్చి చూసే ఆన్‌లైన్ సాధనం) అతికించడంతోనే సగం తిప్పలు మొదలవుతాయి. మెషిన్ తనకు అనుమానం ఉన్నచోట కూడా చాలాసార్లు ఏదో ఒక అక్షరం రాసేస్తుంది, ఆ అనుమానం టెక్స్ట్ ఫైల్లో కనబడదు. ఫించ్‌టీవీ, యూజీన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందు ఏబీ1 తెరవండి. తప్పు కనబడేది తెర మీదే అయినా, అది జరిగింది చాలావరకు రెండు మూడు మెట్ల వెనక, ట్యూబులోనో పొలంలోనో అయివుంటుంది.

మొదటి 30-40 బేస్‌లు గజిబిజిగా ఉండటం, 700-800 దాటాక పీక్‌లు వెడల్పై ఒకదాన్నొకటి తొక్కడం జబ్బు కాదు. ఈ ఫైళ్లు వచ్చే సాంగర్ సీక్వెన్సింగ్ పద్ధతి తీరే అంత. ప్రతి బేస్‌కూ మెషిన్ ఒక క్వాలిటీ మార్కు ఇస్తుంది: 20 అంటే నూటికి ఒక తప్పు, 30 అంటే వెయ్యికి ఒక తప్పు. రెండు చివర్లలో 20 కంటే తక్కువున్న భాగం కత్తిరించాకే మిగతా పని.

జెల్ మీద బ్యాండే లేదు

సీక్వెన్సింగ్‌కు ముందు కావలసిన డీఎన్‌ఏ ముక్కను పీసీఆర్‌తో ఎన్నో కాపీలు చేసి, జెల్ మీద గీతగా (బ్యాండ్) చూస్తాం. పాజిటివ్ కంట్రోల్‌కూ (తప్పక పనిచేస్తుందని తెలిసిన డీఎన్‌ఏ) బ్యాండ్ రాకపోతే తప్పు రియాక్షన్‌లోనే ఉంది. ఎంజైమ్, మెగ్నీషియం, మెషిన్ ప్రోగ్రామ్ చూసుకోండి. కంట్రోల్ వచ్చి శాంపిల్ రాకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. కంట్రోల్ ట్యూబులో శాంపిల్ డీఎన్‌ఏ 1 మైక్రోలీటరు కలిపి మళ్లీ నడపండి. కంట్రోల్ బ్యాండ్ కూడా మాయమైతే శాంపిల్‌లో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థం ఉన్నట్టు. బ్యాండ్ అలాగే నిలిస్తే డీఎన్‌ఏ లేదు, లేదా ముక్కలైపోయింది, లేదా ప్రైమర్ (ఆ ముక్క చివర అతికి కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ) అతకలేదు.

అడ్డుకునే పదార్థమైతే వెంటనే కొత్తగా డీఎన్‌ఏ తీయక్కర్లేదు. ఉన్నదాన్నే 10 రెట్లు, 50 రెట్లు పలచన చేసి చూడండి. చాలాసార్లు అంతటితోనే పని అయిపోతుంది. లేకపోతే రియాక్షన్‌లో మైక్రోలీటరుకు 0.1 నుంచి 0.4 మైక్రోగ్రాముల బీఎస్‌ఏ (అడ్డుకునేవాటిని పట్టుకునే ప్రోటీన్) కలపండి. 260, 230 నానోమీటర్ల కాంతిని శాంపిల్ ఎంత పీల్చిందో చెప్పే 260/230 నిష్పత్తి 1.5 కంటే తక్కువుంటే చక్కెర జిగురు, ఫినాల్, ఉప్పు, వీటిలో ఏదో మిగిలిందని అనుమానించాలి. ట్యూబు అడుగున డీఎన్‌ఏ జిగటగా, పారదర్శకంగా సాగుతుంటే అది జిగురే. దానికి 5 మోలార్ ఉప్పు ద్రావణం సగం ఘనపరిమాణం, చల్లని ఇథనాల్ రెండింతలు కలిపితే డీఎన్‌ఏ దిగుతుంది, జిగురు పైనే ఉండిపోతుంది. ఫినాల్ ఎక్కువున్న ఆకులకు 2 శాతం సీట్యాబ్ (డీఎన్‌ఏ తీసే డిటర్జెంట్) బఫర్‌లో 1-2 శాతం పీవీపీ (ఫినాల్‌ను పట్టేసే పాలిమర్), అప్పటికప్పుడు కలిపిన బీటా మెర్కాప్టోఇథనాల్ ఉండాలి.

ఎర్రచందనం సంగతి వేరు. పట్టుబడిన దుంగలో ఉండేది చేవ. అందులో బతికున్న కణాలు ఉండవు, డీఎన్‌ఏ ముక్కలుముక్కలై ఉంటుంది, పైగా ఎర్ర రంగు పదార్థాలే పీసీఆర్‌ను ఆపేస్తాయి. 700 బేస్‌ల ప్రైమర్లతో నెలలు పోగొట్టుకోకుండా 150-250 బేస్‌ల చిన్న ముక్కలకు ప్రైమర్లు పెట్టుకోండి. దుంగ అంచున తెల్లచెక్క మిగిలుంటే ముందు దాన్నే తీసుకోండి.

ఎండాకాలంలో తప్పు పొలంలోనే జరిగిపోతుంది. మే నెలలో అనంతపురం బుడ్డల (వేరుశనగ) చేలో కోసిన ఆకును ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి బస్సెక్కితే ల్యాబ్‌కు చేరేసరికి అది ఉడికిన ఆకుకూరే. ఆకు బరువుకు పదింతల సిలికా జెల్‌లో అక్కడే వేసేయండి. గింజల రంగు మారితే జెల్ మార్చండి.

తెగులు కంటికి కనబడుతోంది, పీసీఆర్‌లో మాత్రం లేదు

2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తుడిచిపెట్టిన కాండం కుళ్లు తెగులుకు కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. మొవ్వుకుళ్లు తెచ్చేది మరో వైరస్. ఈ రెండూ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లే. డీఎన్‌ఏ తీసి మామూలు పీసీఆర్ పెడితే ఎన్నిసార్లు చేసినా జెల్ ఖాళీగానే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ తీసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్‌తో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు) చేసుకున్నాకే పీసీఆర్. ఇది తెలిసినవాళ్లు కూడా ఒక్కోసారి ఎండిపోయిన కాండం నుంచి శాంపిల్ తీస్తారు. చచ్చిన కణజాలంలో ఆర్‌ఎన్‌ఏ మిగలదు. లక్షణం అప్పుడే మొదలవుతున్న లేత ఆకు తీసి ఐస్‌లో పెట్టి తేవాలి, ల్యాబ్‌కు రాగానే మైనస్ 80లో పెట్టాలి. రెండు తెగుళ్లూ చూపుకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక వైరస్ ప్రైమర్ రాకపోతే రెండోదానితోనూ చూశాకే లేదని రాయండి.

బ్యాండ్ బ్రహ్మాండం, సీక్వెన్స్ సున్నా

పీక్‌లు నేలబారుగా ఉంటే మూడు అనుమానాలు: డీఎన్‌ఏ చాలలేదు, ఇథనాల్ మిగిలింది, లేదా డీఎన్‌ఏను టీఈ బఫర్‌లో పంపారు. టీఈలోని ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేస్తుంది, ఎంజైమ్ పనిచేయదు. నీళ్లలోనో ఈడీటీఏ లేని 10 మిల్లీమోలార్ ట్రిస్‌లోనో పంపండి. 500-1000 బేస్‌ల ముక్కకు ఒక రియాక్షన్‌కు 5-20 నానోగ్రాములు, ప్రైమర్ 3.2 పికోమోల్ చాలు. పీక్‌లు మొదట్లో ఆకాశానికెగసి 300 దగ్గర ఒక్కసారిగా కూలితే డీఎన్‌ఏ ఎక్కువైంది, సగానికి తగ్గించండి.

70-80 బేస్‌ల దగ్గర వెడల్పాటి దిబ్బలాంటి సీ, టీ పీక్‌లు కనబడితే అవి కడగగా మిగిలిన రంగు పదార్థం, మీ జీవి సంగతి కాదు. పీసీఆర్ ప్రైమర్లు శుభ్రం కాలేదని అనుమానం ఉంటే ఎక్సోసాప్‌తో (మిగిలిన ప్రైమర్లను తినేసే ఎంజైమ్‌ల మిశ్రమం) 37 డిగ్రీల్లో 15 నిమిషాలు, ఆపై 80 డిగ్రీల్లో 15 నిమిషాలు. 'ఏ' లేదా 'టీ' బేస్ వరసగా పదికి మించి ఉన్నచోటు దాటాక పీక్‌లు అలల్లా ఒరిగిపోతే ఎంజైమ్ జారింది. ఎన్నిసార్లు పంపినా అంతే, అవతలి వైపు నుంచి చదివించండి.

ఒక్కోచోట రెండేసి పీక్‌లు

ఎక్కువమంది తప్పుగా చదివేది దీన్నే. రెండు పీక్‌లు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది.

మొదటి బేస్ నుంచే రెండేసి ఉంటే ట్యూబులో రెండు డీఎన్‌ఏలున్నాయి, లేదా రెండు ప్రైమర్లూ ఒకే రియాక్షన్‌లో పడ్డాయి. బాక్టీరియా అయితే కాలనీని మళ్లీ రెండుసార్లు గీతలుగా సాగదీసి ఒంటరి కాలనీ తీసుకోండి. జెల్ మీద రెండు బ్యాండ్‌లుంటే కావలసినదాన్ని కోసి శుభ్రం చేయండి.

చక్కగా నడిచి, మధ్యలో ఒకచోట నుంచి చివరిదాకా రెండేసి అయితే రెండు కాపీల మధ్య ఒకటో రెండో బేస్‌లు చేరాయి, లేదా పోయాయి. అవతలి ప్రైమర్‌తో చదివిస్తే అటునుంచి అదే చోటుదాకా శుభ్రంగా వస్తుంది. రెండూ కలిపితే చాలు. మొక్కల, బూజుల ఐటీఎస్‌లో (జాతిని గుర్తించడానికి వాడే డీఎన్‌ఏ భాగం) ఇది మామూలే, ఎందుకంటే దాని కాపీలు జన్యురాశిలో ఎన్నో ఉంటాయి.

మిగతా అంతా శుభ్రంగా ఉండి, అక్కడక్కడా విడివిడిగా రెండేసి ఉంటే వేరుశనగలో కాస్త ఆగి ఆలోచించాలి. వేరుశనగకు 40 క్రోమోజోములు. అది ఇద్దరు అడవి పూర్వీకుల కలయిక. 'ఏ' అనే జన్యురాశి అరాకిస్ డ్యూరానెన్సిస్‌ది, 'బీ' అనే జన్యురాశి అరాకిస్ ఇపాయెన్సిస్‌ది. ఒకే జన్యువు రెండు చోట్లా ఉంటుంది, మామూలు ప్రైమర్ రెండింటికీ అతుకుతుంది. కదిరి-6 లాంటి రకం తరతరాలుగా తనలో తానే ఫలదీకరణ చెందినది, అందులో నిజమైన హెటరోజైగస్ (జన్యువు రెండు కాపీలూ వేరుగా ఉండే) స్థానాలు అరుదు. కాబట్టి పది మొక్కల్లోనూ అదే స్థానంలో అవే రెండు పీక్‌లు వస్తే అది ఏ-బీల మధ్య తేడా, మొక్కల మధ్య తేడా కాదు. దాన్ని మార్కర్‌గా (మొక్కల మధ్య తేడా చూపే గుర్తు) థీసిస్‌లో రాసేశాక గైడుకు సంజాయిషీ చెప్పుకోవడం కష్టం. నిజమైన తేడా అయితే ఎఫ్2 (సంకరం చేశాక రెండో తరం) మొక్కల్లో ఆ పీక్‌ల ఎత్తు మొక్క మొక్కకూ మారుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ప్రైమర్ చివరి బేస్ ఏ-బీ తేడా మీద పడేలా రాసుకుని ఒక జన్యురాశినే పెంచడం. చౌక, శాశ్వతం. రెండోది టీ-వెక్టర్‌లో (ఒక్కో కాపీని విడిగా బాక్టీరియాలోకి మోసే డీఎన్‌ఏ) క్లోన్ చేసి 8 కాలనీలు చదివించడం. రెండూ సమానంగా దిగితే 8లో ఒకటి పూర్తిగా తప్పిపోయే అవకాశం 128కి ఒకటే. ఒకే కాలనీలో కనబడి మరెందులోనూ లేని తేడా పీసీఆర్‌లోని టాక్ ఎంజైమ్ చేసిన తప్పు అయ్యుండొచ్చు, లెక్కలోకి తీసుకోవద్దు. ముందు సగం ఏలా, వెనక సగం బీలా ఉన్న కాలనీ వస్తే పీసీఆర్‌లోనే రెండూ అతుక్కున్నాయి. సైకిళ్లు 35 నుంచి 25-28కి తగ్గించి, ఎక్స్‌టెన్షన్ సమయం పెంచండి.

బ్లాస్ట్ చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదు

నమ్మకండి, ముందు క్వెరీ కవర్ (మీ సీక్వెన్స్‌లో ఎంత భాగం కలిసిందో) చూడండి. నూటికి నూరు పోలిక ఉన్నా 30 శాతం భాగానికే అయితే ఆ పేరుకు విలువ లేదు. వెతికేముందు టైప్ మెటీరియల్ (జాతికి పేరు పెట్టినప్పటి అసలు నమూనా) అన్న గడిలో టిక్ పెడితే పేరు తప్పుగా పెట్టిన ఎంట్రీలు చాలావరకు తప్పుకుంటాయి.

వేరుశనగ గింజ మీది ఆకుపచ్చ బూజుకు ఐటీఎస్ చేస్తే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ ఒరైజే రెండూ 99-100 శాతంతో పక్కపక్కనే వస్తాయి. ఐటీఎస్‌కు అంతకుమించి చూపు లేదు. కాల్‌మాడ్యులిన్‌కు సీఎండీ5, సీఎండీ6 ప్రైమర్లు, బీటా ట్యూబులిన్‌కు బీటీ2ఏ, బీటీ2బీ వాడితే పారాసిటికస్ లాంటి చుట్టాలు విడిపోతాయి. ఒరైజే మాత్రం మనుషులు మచ్చిక చేసుకున్న ఫ్లేవసే కాబట్టి వాటితోనూ గట్టిగా విడదీయలేం. ఫ్లేవస్‌లో విషం చేయని తెగలూ ఉన్నాయి. అఫ్లటాక్సిన్ ఉందో లేదో ఎలైజాతోనో హెచ్‌పీఎల్‌సీతోనో కొలవాల్సిందే, సీక్వెన్స్ పేరు చూసి చెప్పకూడదు.

ఎర్రనేల మట్టిలోంచి తీసిన బాసిల్లస్‌కు 16ఎస్ (బాక్టీరియాను గుర్తించడానికి వాడే జన్యువు) చేస్తే ఆంత్రాక్స్ బాక్టీరియా పేరు పైన రావచ్చు. కంగారు వద్దు. బాసిల్లస్ జాతులైన సీరియస్, తురింజియెన్సిస్, ఆంత్రాసిస్ (ఆంత్రాక్స్‌ది ఇదే) మూడింటి 16ఎస్ దాదాపు ఒకటే. జైరేస్-బీ జన్యువు చూడండి. జాతి పేరు రాయాలంటే 16ఎస్ మొత్తం, సుమారు 1500 బేస్‌లు కావాలి. 98.7 శాతం కంటే తక్కువ పోలికకు జాతి పేరు పెట్టకండి.

వయ్యారిభామ పుప్పొడిని మోసి వైరస్ అంటించే తామర పురుగులకు సీఓఐ (జాతిని గుర్తించే మైటోకాండ్రియా జన్యువు) బార్‌కోడ్ చేస్తుంటే 658 బేస్‌ల మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపే మూడక్షరాలు) వచ్చాయా? ముందు అనువాద పట్టిక చూడండి. పురుగుల మైటోకాండ్రియాకు 5వ పట్టిక. సాధారణ 1వ పట్టికలో టీజీఏ అంటే ఆపు, మైటోకాండ్రియాలో అది ట్రిప్టోఫాన్. పట్టిక, చదివే వరస రెండూ మార్చాక కూడా స్టాప్‌లుంటే కేంద్రకంలోకి వలసపోయిన పాత కాపీని చదివారు. ఆ సీక్వెన్స్ పక్కనపెట్టి వేరే ప్రైమర్లు వాడండి.

ఆకులో బాక్టీరియా వెతికితే మొక్కే దొరికింది

ఆకులోని 16ఎస్‌లన్నీ కలిపి చదివే యాంప్లికాన్ ఫలితాల్లో సయనోబాక్టీరియా 80-90 శాతం ఉంటే అది మొక్క క్లోరోప్లాస్ట్ (హరితరేణువు). క్లోరోప్లాస్ట్‌కూ సొంత 16ఎస్ ఉంది. 799ఎఫ్, 1193ఆర్ ప్రైమర్లు దాన్ని చాలావరకు తప్పిస్తాయి. మొక్క మైటోకాండ్రియా ముక్క వీటితో పొడుగ్గా వస్తుంది కాబట్టి జెల్ మీద చిన్న బ్యాండ్‌నే కోసుకోవచ్చు.

వంశవృక్షంలో ఒక కొమ్మ మాత్రం ఊరవతలికి పోయింది

కొత్త జాతి దొరికిందని సంబరపడేముందు ఆ సీక్వెన్స్‌ను తిప్పి చూడండి. రివర్స్ ప్రైమర్‌తో చదివినదాన్ని రివర్స్ కాంప్లిమెంట్ (వెనకనుంచి జత అక్షరాలతో తిరగరాయడం) చేయకుండా మిగతావాటితో అలైన్ చేస్తే సరిగ్గా ఇలాగే ఉంటుంది. అలైన్ చేసే సాఫ్ట్‌వేర్ మాఫ్ట్‌లో దిశ సరిచేసే ఎంపిక ఉంది, దాన్ని ఎంచుకోండి.

జన్యురాశి మొత్తం చదివిస్తే లక్షల ఎస్‌ఎన్‌పీలు, అన్నీ హెటరోజైగస్

ఎస్‌ఎన్‌పీ అంటే ఒక్క బేస్ తేడా. వేరుశనగలో ఇది మళ్లీ ఏ-బీ గొడవే. ఒక్క డ్యూరానెన్సిస్ రిఫరెన్స్ (పోల్చే నమూనా జన్యురాశి) మీద రీడ్‌లు (చదివిన చిన్న ముక్కలు) అమరిస్తే బీ రీడ్‌లు కూడా అక్కడికే వచ్చి పడతాయి. 2019లో వచ్చిన సాగు వేరుశనగ రిఫరెన్స్ వాడండి. సగటుకు రెండింతల లోతు (ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివారో) ఉన్న చోట్లు, అన్ని లైన్లలోనూ హెటరోజైగస్‌గా కనబడేవి తీసేయండి. లోతు ముందే లెక్కేసుకోవాలి. జన్యురాశి సుమారు 270 కోట్ల బేస్‌లు, 10 రెట్లకు 2,700 కోట్లు. 150 చొప్పున జతలుగా చదివితే 9 కోట్ల జతలు కావాలి.

ఒక శాంపిల్ పేరుతో మరొకటి వచ్చింది

96 గుంటల ప్లేట్‌లో మీరు అడ్డంగా నింపి, అక్కడివాళ్లు నిలువుగా చదివితే తప్పు దాదాపు ప్రతి గుంటకూ పాకుతుంది. అడ్డంగా లెక్కిస్తే 15వ గుంట బీ3, నిలువుగా అయితే జీ2. బీ3లో డీఎన్‌ఏ బదులు నీళ్లు వదిలి, జాబితాలో 15వ వరసను నీళ్లు అని రాసి పంపండి. తిరిగొచ్చిన ఫైళ్లలో 15వది ఖాళీగా ఉంటే వరస సరిపోయింది. 15వదానికి చక్కటి సీక్వెన్స్ వచ్చి, 18వది ఖాళీగా ఉంటే (నిలువు లెక్కలో బీ3 అదే) పేర్లన్నీ తిప్పి రాసుకోవాలి.